ఈవర్ కట్టిన రెండో గది

జూన్ నెలలో ఒక ఆదివారం, మధ్యాహ్నపు సభ. బిషప్ ప్లమ్లీ లేచి నిలబడి, బ్రదర్ ఈవర్‌ను తన సలహాదారుగా ప్రతిపాదిస్తున్నానని, సమ్మతించేవాళ్ళు కుడి చెయ్యి ఎత్తాలని అన్నాడు. మా ఊరి సభలో ఏ పేరు చదివినా అందరూ చెయ్యెత్తుతారు. కాలవ నీళ్ళు పంచడానికి మనిషిని పెట్టినా అంతే, పాటల బృందానికి నాయకుణ్ణి పెట్టినా అంతే. కాదన్నవాణ్ణి నేను చూడలేదు. చంటిది నా ఎడమ భుజం మీద నిద్రపోతోంది. కుడి చెయ్యి ఖాళీగా ఉంది. ఎత్తాను.

ఈవర్ నా మొగుడు. ముందు వరసలో కూర్చున్నవాడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. పదవి వచ్చిన మగాడు పెళ్ళాన్ని చూసే చూపు కాదది. ఇంటికెళ్ళాక దెబ్బలు తప్పవని తెలిసిన పిల్లాడి చూపు. నాకు అర్థం కాలేదు.

రెండు రోజులు గడిచాక బిషప్ మా ఇంటికి వచ్చాడు. అప్పుడు అర్థమైంది. సలహాదారు అయినవాడు ఊరికి ఆదర్శంగా ఉండాలి, కనుక సూత్రాన్ని పాటించాలి అన్నాడు. మా లోయలో సూత్రం అంటే ఒకటే. పెళ్ళాం ఉన్న మగాడు దేవుడి ఆజ్ఞ ప్రకారం ఇంకో పెళ్ళి చేసుకోవడం.

ఆ మాట నాకు కొత్త కాదు. డెన్మార్కులో మేం బాప్తిస్మం తీసుకున్నప్పుడే చెప్పారు. భూకంపాల గురించి విన్నట్టు విన్నాను. ఎక్కడో జరుగుతుంది, మన ఇంటికి రాదు. ఊళ్ళో చాలా ఇళ్ళకు వచ్చింది. అయినా ఈవర్ లాంటి నోట్లో నాలుక లేని మనిషిని ఎవరు పిలుస్తారని ధీమాగా ఉన్నాను.

"నాకెవరూ ముందు చెప్పలేదు," అన్నాను.

"చెయ్యెత్తావు కదా, సిస్టర్ కిర్‌స్టీన్."

"పదవికి ఎత్తాను. సవతికి ఎత్తలేదు."

ఈవర్ బల్ల మీది గీతను గోటితో గీస్తూ కూర్చున్నాడు. నేను బిషప్‌ను ఎందుకని అడిగాను. పాపం, ఓపికగానే చెప్పాడు. అబ్రాహాము చేశాడు, యాకోబు చేశాడు. పూర్వకాలపు సంగతులన్నిటినీ దేవుడు మళ్ళీ నిలబెడుతున్నాడు. పుట్టడానికి ఎన్నో ఆత్మలు ఎదురుచూస్తున్నాయి, వాటికి మంచి తల్లిదండ్రులు కావాలి. బయటి పట్టణాల్లో ఆడవాళ్ళు వీధిన పడి చెడిపోతున్నారు, మన దగ్గర ఆ పీడ లేదు. ఒక్క ప్రశ్నకు అన్ని జవాబులు ఇచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. ఒకటి గట్టిగా ఉంటే మిగతావి ఎందుకు?

"శారా తన దాసిని తానే భర్తకు ఇచ్చింది," అన్నాడు చివరికి. "నువ్వూ శారాలా ఒప్పుకుంటే ఆ ఆశీర్వాదం నీదే."

"ఆ దాసి హాగరును ఎడారిలోకి వెళ్ళగొట్టించింది కూడా శారానేగా."

"అది తరవాతి సంగతి."

"నేను ఒప్పుకోకపోతే?"

ఆయన టోపీ చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పుడు తప్పు నా మీద ఉంటుందని, ఈవర్‌కు నా సమ్మతి అవసరం లేకుండా పోతుందని మెల్లగా చెప్పాడు.

"అయితే అడగడం ఎందుకు?"

బిషప్ టోపీ పెట్టుకున్నాడు. వచ్చే అక్టోబరులో మతపెద్దలుండే సాల్ట్ లేక్‌లో మహాసభ జరుగుతుందని, పెళ్ళి అప్పుడేనని, అప్పటికి మనసు సిద్ధం చేసుకోమని చెప్పి వెళ్ళిపోయాడు. అమ్మాయి ఎవరని అడిగితే, సమయం వచ్చినప్పుడు తెలుస్తుందన్నాడు.

తలుపు మూసి ఈవర్ వైపు తిరిగాను. "నీకు కావాలా?"

"పిలుపు వచ్చింది," అన్నాడు.

"పిలుపు సంగతి కాదు. నీకు కావాలా, అక్కర్లేదా?"

"ఆవు అరుస్తున్నట్టుంది. చూసొస్తాను."

ఆవు అరవలేదు. ఆ నెలంతా మా ఆవు అలాగే అరుస్తూ ఉంది. నేను నోరు తెరిస్తే చాలు, ఈవర్‌కు దాని అరుపు వినబడేది.

జూలై వచ్చింది. ఒకరోజు బట్టలు ఆరవెయ్యడానికి పెరట్లోకి వెళితే, కంచె పక్కన పచ్చి ఇటుకలు వరసగా ఎండుతున్నాయి. ఈవర్ పంట్లాం మోకాళ్ళ పైకి మడిచి, గడ్డి కలిపిన మట్టి తొక్కుతున్నాడు.

"గొర్రెల కొట్టానికా?" అన్నాను.

"కాదు."

"మరి?"

తలెత్తలేదు. నేను ఆ తడి ఇటుకల వరసను చూస్తూ నిలబడ్డాను. మా పెద్దవాడు పరుగెత్తుకొచ్చి ఒక ఇటుక మీద పాదం ముద్ర వేశాడు. ఈవర్ కసురుకోకుండా ఆ ఇటుకను తీసి మట్టిలో కలిపి మళ్ళీ అచ్చు పోశాడు. అంత శ్రద్ధగా అతను నా వంటిల్లు కూడా కట్టలేదు.

ఇంట్లో జవాబు దొరక్కపోతే ఊళ్ళో వెతుక్కోక తప్పదు. గోధుమలు తీసుకుని మరకు వెళ్ళినప్పుడు మర నడిపే ట్రోల్స్‌ను అడిగాను. అరవై దాటిన మనిషి, ముగ్గురు పెళ్ళాలు. దేశంలో ఆడవాళ్ళు ఎక్కువ, మగాళ్ళు తక్కువ, వాళ్ళందరికీ నీడ కావద్దా అని నా చెవిలో అరిచాడు. తనకు చెవుడు కనుక అందరికీ చెవుడే అనుకుంటాడు. మరుసటి ఆదివారం సభలో బల్లలన్నీ కలయజూశాను. మగాళ్ళే ఎక్కువ. ఆ మాట ఈవర్‌తో అంటే, దేవుడి ఇంట్లో తలలు లెక్కపెట్టడం మంచిది కాదన్నాడు. అంతవరకు నోరు తెరిచినందుకే సంతోషించాల్సి వచ్చింది.

ఇక మిగిలింది లవీనియా గారు. బిషప్ మొదటి భార్య, ఊరికంతటికీ మంత్రసాని. నా చంటిదాన్ని భూమ్మీదికి తెచ్చింది ఆవిడే. నేను వెళ్ళేసరికి పెరట్లో పెద్ద ఇనప కాగులో కొవ్వు, బూడిద నీళ్ళు పోసి సబ్బు కాస్తోంది.

"కారణం మీరైనా చెప్పండి," అన్నాను.

"మా ఆయన చెప్పలేదా?"

"చాలా చెప్పారు. అబ్రాహాముతో మొదలుపెట్టి పట్టణాల్లో చెడిపోయే ఆడవాళ్ళ దాకా వచ్చారు."

ఆవిడ నవ్వింది. "నాకు చెప్పినప్పుడు యాకోబు దగ్గర ఆగిపోయాడు. పట్టణాలు ఈమధ్య చేర్చాడు."

ఆ తరవాత గరిట తిప్పుతూ తన సంగతి చెప్పింది. పురుడు పోయడానికి పిలుపొస్తే రెండు రోజులైనా ఇంటి మొహం చూడక్కర్లేదట. మిగతా ఇద్దరు భార్యలూ పిల్లల్ని చూసుకుంటారట. ఒకరు మంచాన పడితే ఇద్దరు లేచి తిరుగుతారట. "నా గది తలుపుకి లోపలి వైపు గడియ ఉంది కిర్‌స్టీన్. ఒక్క పెళ్ళాంగా ఉన్నదాన్ని ఎవరినైనా అడిగి చూడు, గడియ ఉందేమో."

"మొదట్లోనూ మీకిలాగే ఉండేదా?"

గరిట ఆగింది. సబ్బు నురగ కాగు అంచు దాకా పొంగింది. ఆవిడ చల్లనీళ్ళు చిలకరించి, నురగ అణిగేదాకా చూసింది. "మొదటి సంగతి నన్నడక్కు," అంది.

అప్పుడు వంటింట్లోంచి ఒక అమ్మాయి తొట్టి నిండా సామాను తోమి బయటికి తెచ్చింది. కిందటి శరదృతువులో మా దేశం నుంచి వచ్చిన బోడిల్. వెనకా ముందూ ఎవరూ లేని పిల్ల, బిషప్ ఇంట్లో పని చేసుకుంటోంది. నన్ను చూసి తల వంచుకుని వెళ్ళిపోయింది. నేను పట్టించుకోలేదు.

ఆగస్టులో గోధుమ కోత మొదలైంది. మొదటి రోజు పొద్దున్నే బోడిల్ మా చేలోకి వచ్చి, కట్టలు కట్టడానికి బిషప్ పంపాడని చెప్పింది. బిషప్ ఇంటి నుంచి మా పొలానికి మనిషి రావడం అదే మొదలు. ఈవర్ ముందు కోసుకుంటూ పోతున్నాడు. వెనక నేను, బోడిల్ పనలు ఏరి కట్టలు కడుతున్నాం. ఈవర్ వెనక్కి తిరగడం లేదు. కోతలో మెడ పట్టేసిన మనిషిలా ముందుకే చూస్తున్నాడు.

"నువ్వేనా?" అన్నాను.

బోడిల్ కట్టకు ముడి బిగించి లేచి నిలబడింది. "నేనే అక్కా."

"బిషప్ ఒప్పించాడా?"

"లేదు. నేనే వెళ్ళి బిషప్‌ని అడిగాను."

చేతిలో పన జారిపోయింది. ఆమె వంగి దాన్ని కూడా ఏరి కట్టింది. కడుతూనే చెప్పింది. ట్రోల్స్ అడిగాడట. అతని పెళ్ళాలు ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరట. బండ్లు తోలే కుర్రాడొకడు అడిగాడట. వాడి దగ్గర సారాయి కంపు, కళ్ళేమో మోంటానా గనుల మీద.

"ఎవరినీ చేసుకోకుండా ఉండొచ్చుగా."

"ఉండొచ్చు. బిషప్ ఇంట్లో అంట్లు తోముకుంటూ. చచ్చాక పైలోకంలో కూడా తోముకుంటూ. చావు దాటి కూడా నిలిచేలా ముద్రవేసిన పెళ్ళి లేనిదానికి అక్కడ ఇల్లెవరిస్తారు?"

"సరే. ఈవర్‌లో ఏం నచ్చింది నీకు?"

ఆమె ఈవర్ వీపు వైపు చూసింది. జవాబు కోసం నిజంగానే వెతికింది. "ఆయన గురించి నాకంతగా తెలీదక్కా. నేను చూసుకుంది నిన్ను."

"నన్నా?"

"బళ్ళు దిగిన మర్నాడు నువ్వు మా గుడారానికి పెరుగు తెచ్చావు. గిన్నె తిరిగి అడగలేదు. ఆర్నెల్లు మీ వీధిలో తిరిగాను. మీ ఇంట్లోంచి అరుపులు వినబడలేదు. మగాడు ఎవరైతే ఏముంది, వారంలో సగం రోజులు కనబడడు. రోజంతా ఒకే పెరట్లో తిరిగేది ఇంకో ఆడదానితోటేగా."

బిషప్‌తో వాదించాను, ట్రోల్స్ మాట తప్పు అని సభంతా చూసి తేల్చాను. ఈ పిల్లతో ఏమని పోట్లాడను? నేను మంచిదాన్ని అంటోంది. ఆకలిగా ఉన్నవాళ్ళకు పెరుగు తీసుకెళ్ళినందుకు నాకు పట్టిన శిక్ష ఇది.

"నేను ఒప్పుకోకపోతే ఏం చేస్తావు?"

"ట్రోల్స్‌ని చేసుకుంటాను. వాళ్ళింట్లో నాకిచ్చే గదికి కిటికీ ఉందట," అని మళ్ళీ వంగింది.

సాయంత్రం మా చిన్నవాడు బోడిల్ పిన్ని రేపు కూడా వస్తుందా అని అడిగాడు. బిషప్ ఇంట్లో పిల్లలు తండ్రి మిగతా భార్యల్ని అలాగే పిలుస్తారు. వీడికి ఎవరు నేర్పారో తెలియదు. ఒక్క రోజులో పిన్ని కూడా అయిపోయింది.

కోత పూర్తయ్యేసరికి గోడలు మనిషి ఎత్తు దాటాయి. మా వంటింటి గోడను ఆనుకునే లేస్తోంది ఆ గది. ఒక మధ్యాహ్నం రొట్టె, జున్ను తీసుకుని వెళ్ళాను. ఈవర్ గోడ మీద కూర్చుని పైవరస పేరుస్తున్నాడు. నేను రొట్టె మూట కింద పెట్టి, నిచ్చెన తీసి నేల మీద పడుకోబెట్టాను.

"ఏం చేస్తున్నావు?"

"ఇప్పుడు ఆవు అరిచినా నువ్వు దిగలేవు. చెప్పు. బిషప్‌కి కావలసింది బిషప్ చెప్పాడు. బోడిల్‌కి కావలసింది బోడిల్ చెప్పింది. నీ నోటితో నువ్వొక్కడివే చెప్పలేదు. అది నీకు కావాలా?"

ఈవర్ చేతికంటిన మట్టి వేలు వేలుకీ తీసుకున్నాడు.

"ఎల్సే," అన్నాడు.

ఎల్సే మా మొదటి పిల్ల. ఓడ దిగి, ఎడ్లబళ్ళతో మైదానాలు దాటుతుంటే ప్లాట్ నది ఒడ్డున జ్వరం వచ్చి చనిపోయింది. తోడేళ్ళు వాసన పట్టకుండా దాన్ని పాతిన గుంట పూడ్చి, బళ్ళన్నిటినీ దాని మీదుగా తోలించారు. అప్పటి నుంచి ఈవర్ నోట ఆ పేరు నేను వినలేదు.

"సూత్రం కాదన్నవాడికి పైన కుటుంబం ఉండదట," అన్నాడు. "ఒంటరిగా, వేరేవాళ్ళకి సేవ చేసుకుంటూ ఉండాలట. బిషప్ చదివి వినిపించాడు. అప్పుడు ఎల్సేని ఎవరికిస్తారు? నిన్నెవరికిస్తారు?"

నేను రొట్టె మూట మీద వాలిన ఈగల్ని తోలాను.

"దాన్ని ఒకసారి వదిలేసి బండెక్కాను. ఇంకోసారి నావల్ల కాదు కిర్‌స్టీన్."

"ఇదంతా నిజమని నీకు నమ్మకమేనా?"

"నీకు లేదా?"

లేదని అనగలిగితే ఎంత బాగుండేది. ఆ నమ్మకం లేకపోతే డెన్మార్కులోనే ఉండిపోయేవాళ్ళం. ఎల్సేకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు ఉండేవి. అంత పెట్టి కొన్న నమ్మకాన్ని ఇప్పుడు కాదనడం ఎలా? జూన్ నుంచి కూడబెట్టుకున్న కోపమంతా గొంతులోనే ఉంది, విసరడానికి మనిషి లేడు. నన్ను శాశ్వతంగా పోగొట్టుకోకూడదని ఇంకో పెళ్ళి చేసుకుంటున్నాడు నా మొగుడు. నాతో కలిసి బతకాలని వస్తోంది నా సవతి. ఇద్దరి కారణమూ నేనే. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

నిచ్చెన ఎత్తి గోడకు ఆనించాను. ఈవర్ దిగి రొట్టె తీసుకున్నాడు. నేను గదంతా ఒకసారి చూశాను. ద్వారం నా వంటింట్లోకి వదిలాడు.

"దాన్ని మూసెయ్," అన్నాను.

"ఏది?"

"ఆ ద్వారం. తోట వైపు తెరువు. దాని తలుపు దానికి, దాని పొయ్యి దానికి. నా వంటింట్లోంచి ఎవరూ ఎవరి గదిలోకీ నడవకూడదు."

"ఇటుకలు సరిపోవు."

"మట్టి తొక్కు."

మళ్ళీ తొక్కాడు. ఎండ తగ్గిపోయింది కనుక ఇటుకలు ఆరడానికి రెండింతలు పట్టింది. సెప్టెంబరు చివరికి ద్వారం మూసి, తోట వైపు తెరిచాడు. తలుపుకు లోపలి వైపు గడియ నేనే దగ్గరుండి పెట్టించాను. బిషప్ వచ్చి చూసి, నేను ఒప్పుకున్నానని విని సంతోషించానన్నాడు.

"ఒప్పుకోలేదు," అన్నాను. "తలుపు మార్పించానంతే."

ఆయనకు ఆ తేడా తెలియలేదు. చెప్పే ఓపిక నాకు లేదు.

అక్టోబరులో బయల్దేరాం. మగపిల్లల్ని లవీనియా గారి దగ్గర వదిలి, చంటిదాన్ని వెంట తీసుకున్నాను. బోడిల్ బిషప్ వాళ్ళ బండిలో మా వెనక వచ్చింది. నేను రాకపోయినా ఆ పెళ్ళి ఆగదు. అది జూన్‌లోనే తేలిపోయింది. కానీ నా ఇంట్లోకి వచ్చే మనిషి నా కళ్ళ చాటున రాకూడదు. దారి పొడుగునా ఆ మాటే అనుకున్నాను. సాల్ట్ లేక్‌లో పెద్దలు ఈ పిల్లని నీ భర్తకు నువ్వెందుకు ఇస్తున్నావని అడిగితే ఇదే చెప్పాలి, ఇంకో కారణం కలపకూడదు అని.

అడగలేదు. తెల్లబట్టల్లో ముగ్గుర్నీ నిలబెట్టారు, నన్ను మధ్యలో. ఈ స్త్రీని నీ భర్తకు భార్యగా ఇవ్వడానికి ఇష్టమేనా, ఇష్టమైతే ఆమె చెయ్యి అతని చేతిలో పెట్టు అన్నారు. ఆ పెద్దాయన గొంతు దయగానే ఉంది. వెనక ఇంకా రెండు జంటలు వేచి ఉన్నాయి.

బోడిల్ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, తడిగా ఉంది. ఈవర్ చెయ్యి అంతకన్నా చల్లగా ఉంది. రెండూ కాసేపు నా చేతిలోనే ఉన్నాయి. పెద్దాయన దగ్గాడు. వదిలాను.

మర్నాడు తిరుగు ప్రయాణం. బిషప్‌కు పట్టణంలో పనులున్నాయి, ఇంకో వారం ఆగుతానన్నాడు. ఇక ఉన్నది మా బండి ఒక్కటే. వెనకంతా బోడిల్ గదికి కొన్న ఇనప పొయ్యి, పిండి బస్తాలు, ఆపిల్ మొక్కలు. పిల్లి పడుకోవడానికి కూడా జాగా లేదు. ముందు బల్ల మీద ఇద్దరికే చోటు. ఈవర్ గుర్రాల పక్కన నిలబడి నా వైపు చూశాడు, బోడిల్ వైపు చూశాడు, తరవాత పొయ్యి కట్టిన తాడు గట్టిగా ఉందో లేదో చూశాడు. అది గట్టిగానే ఉంది. అయినా ఇంకోసారి చూశాడు.

నేను చంటిదాన్ని బోడిల్ చేతికిచ్చి బండెక్కాను. పగ్గాలు తీసుకున్నాను. "ఎక్కు పిల్లా," అన్నాను. ఆమె ఎక్కి నా పక్కన కూర్చుంది.

ఈవర్ తాడు వదిలాడు. చక్రం పక్కన నడక మొదలుపెట్టాడు.

ఊరి పొలిమేర దాటాక ఎదురుగా గడ్డి బండి తోలుకొస్తున్న ముసలాయన మమ్మల్ని ముగ్గుర్నీ తేరిపార చూసి, నవ్వు ఆపుకోలేక, "ఏం బ్రదర్, బండి బరువెక్కిందా?" అన్నాడు.

ఈవర్ తల వంచుకుని నడుస్తున్నాడు. నేను గుర్రాల్ని కొంచెం తొందర చేశాను.